కింది వాటాలో కంప్యూటర్, సొరుగులో బ్యాకప్: ఇంటి ఆఫీసుకి, చిన్న వ్యాపారానికి ఏ పద్ధతి మంచిది?

2024 సెప్టెంబర్ 1, ఆదివారం. విజయవాడలో బుడమేరు నీళ్లు సింగ్‌నగర్, పాయకాపురం ఇళ్లలోకి వచ్చిన రోజు. నేను జీఎస్టీ రిటర్నులు వేసే ఒక డిస్ట్రిబ్యూటర్ గారి ఆఫీసు అటువైపే, కింది వాటాలో. నీళ్లు తీశాక ఆయన సీపీయూని బియ్యం సంచిలో పెట్టుకుని సత్యనారాయణపురంలో మా ఇంటికి తెచ్చారు. పక్క రేకు విప్పి చూస్తే బోర్డు మీద, ఫ్యాన్ రెక్కల మధ్య ఒండ్రు పేరుకుపోయి ఉంది. "బ్యాకప్ తీయలేదా అండీ?" అని అడిగితే, సంచి అడుగు నుంచి ఒక హార్డ్ డిస్క్ తీసి చేతిలో పెట్టారు. పాపం, ఆయన ప్రతి శనివారం తప్పకుండా బ్యాకప్ తీసేవారు. తీసి అదే టేబుల్ సొరుగులో పెట్టేవారు. దాని యూఎస్‌బీ సందు నిండా మట్టే.

"అమ్మా, సరుకు పోతే మళ్లీ కొనుక్కుంటాను. నాకు ఎవరు ఎంత ఇవ్వాలో ఆ లెక్కే పోయిందమ్మా" అన్నారు.

జూలై రిటర్ను కోసం ఆయన పంపిన ట్యాలీ (లెక్కల సాఫ్ట్‌వేర్) బ్యాకప్ నా దగ్గర ఉండబట్టి బతికిపోయాం. ఆగస్టు కొనుగోళ్లు 14వ తేదీన పోర్టల్‌లో వచ్చిన జీఎస్టీఆర్-2బీ (మనకు సరుకు అమ్మినవాళ్లు చూపిన బిల్లుల పట్టిక) చూసి ఎక్కించాం. అమ్మకాల బిల్లులు షాపులవాళ్లు వాట్సాప్‌లో ఫోటోలు తీసి పంపారు. నగదు వసూళ్లు మాత్రం సగానికి సగం నోటిమాట మీదే రాసుకోవాల్సి వచ్చింది. మూడు వారాలు దానికే సరిపోయాయి.

అప్పటి నుంచి "హార్డ్ డిస్క్ కొనమంటారా, గూగుల్ డ్రైవ్ తీసుకోమంటారా?" అని ఎవరు అడిగినా ముందు నేను వాళ్లను నాలుగు ప్రశ్నలు అడుగుతున్నాను. వస్తువు ఏదన్నది ఆ తర్వాతి మాట.

కొనే ముందు తేల్చుకోవాల్సినవి

మొదటిది, మీ డేటా పోవడానికి ఎన్ని దారులున్నాయి? నా అనుభవంలో నాలుగు. చెయ్యి జారి మనమే డిలీట్ చేయడం, లేదా పాత ఫైలుని కొత్తదాని మీద సేవ్ చేయడం. డిస్క్ దానంతట అదే చెడిపోవడం. నీళ్లు, మంటలు, దొంగలు, పిడుగుపాటు లాంటివి, అంటే ఆ గదిలో ఉన్నదంతా ఒకేసారి పోవడం. నాలుగోది ర్యాన్సమ్‌వేర్: 2017 మేలో వన్నాక్రై ప్రపంచమంతా చేసినట్టు, ఫైళ్లన్నిటికీ తాళం వేసి డబ్బు అడిగే వైరస్. వీటిలో మొదటి రెండిటికి విడిగా తీసిన ఏ కాపీ ఉన్నా దాదాపు సరిపోతుంది. తర్వాతి రెండిటికి కాపీ ఎక్కడ ఉంది, దాన్ని వైరు తగిలించి ఉంచారా, పీకి పెట్టారా అన్నది ముఖ్యం. కంప్యూటర్‌కి తగిలించి ఉన్న హార్డ్ డిస్క్‌ని వైరస్ ఇంకో డ్రైవ్‌గానే చూస్తుంది, దానికీ తాళం వేస్తుంది.

రెండోది, ఎన్నాళ్ల పని పోతే తట్టుకోగలరు? ట్యూషన్ నోట్సు తయారుచేసే మాస్టారికి వారం పోయినా మళ్లీ కూర్చుని టైప్ చేసుకోవచ్చు. రోజుకు 80 బిల్లులు కొట్టే షాపుకి ఒక్కరోజు పోయినా గొడవే.

మూడోది, ఎంత సేపట్లో మళ్లీ పని మొదలవ్వాలి? దీన్ని చాలామంది మరిచిపోతారు. డేటా భద్రంగానే ఉండి, అది దింపుకోవడానికి రెండు రోజులు పడితే కొన్ని వ్యాపారాలకు అది పోయినట్టే లెక్క.

నాలుగోది, డేటా ఎంత ఉంది, నెట్ అప్‌లోడ్ స్పీడ్ ఎంత? లెక్క తేలిక. జీబీలను 8000తో గుణించి, అప్‌లోడ్ ఎంబీపీఎస్‌తో భాగిస్తే సెకన్లు వస్తాయి. 500 జీబీ ఉండి అప్‌లోడ్ 40 ఎంబీపీఎస్ అయితే లక్ష సెకన్లు, అంటే ఎక్కడా ఆగకుండా నడిస్తే దాదాపు 28 గంటలు. ట్యాలీ డేటా లాంటి ఒక జీబీ అయితే అదే లైను మీద నాలుగు నిమిషాల్లోపే. కొన్ని ప్లాన్లలో డౌన్‌లోడ్ స్పీడ్ ఘనంగా ఉండి అప్‌లోడ్ చాలా తక్కువ ఉంటుంది. అందుకే స్పీడ్ టెస్ట్‌లో రెండో అంకె కూడా చూడండి.

ఖర్చు గురించి విడిగా చెప్పడం లేదు. ఎందుకంటే చిన్న ఆఫీసు విషయంలో డబ్బు కన్నా గుర్తుపెట్టుకోవడమే కష్టం. మనిషి గుర్తుపెట్టుకుని చేయాల్సిన బ్యాకప్ పండగల్లో, పెళ్లిళ్ల సీజన్‌లో, మార్చి నెలాఖరులో ఆగిపోతుంది. పని ఎక్కువగా జరిగేదీ, డేటా ఎక్కువగా పుట్టేదీ సరిగ్గా ఆ రోజుల్లోనే.

ఏది దేనికి పనికొస్తుంది

| పద్ధతి | చెయ్యి జారితే | డిస్క్ చెడితే | వరద, దొంగతనం | ర్యాన్సమ్‌వేర్ | గుర్తుపెట్టుకోవాల్సింది |
|---|---|---|---|---|---|
| పెన్ డ్రైవ్ | కొంతవరకు | కొంతవరకు | వేరే చోట ఉంటేనే | పీకి ఉంచితేనే | మీరే |
| ఒక హార్డ్ డిస్క్ | సరే | సరే | వేరే చోట ఉంటేనే | పీకి ఉంచితేనే | మీరే |
| రెండు హార్డ్ డిస్కులు, మార్చుకుంటూ | సరే | సరే | సరే | సరే | మీరే |
| గూగుల్ డ్రైవ్, వన్‌డ్రైవ్ సింక్ | కొద్దిరోజుల వరకే | సరే | సరే | పాత వెర్షన్లు ఉంటేనే | దానంతట అదే |
| పూర్తి ఆన్‌లైన్ బ్యాకప్ | సరే | సరే | సరే | పాత వెర్షన్లు ఉంటేనే | దానంతట అదే |
| ఆఫీసులో నాస్ (నెట్‌వర్క్‌కి తగిలించే డిస్కుల) పెట్టె | సరే | సరే | కాదు | సెట్టింగులను బట్టి | దానంతట అదే |

పెన్ డ్రైవ్

ఒకచోటి నుంచి ఇంకోచోటికి ఫైలు తీసుకెళ్లడానికి తప్ప దేనికీ వద్దు. తాళాల గుత్తికి తగిలించి తిప్పితే వంగిపోతుంది, ఆటోలో పడిపోతుంది. అది దొరికినవాళ్ల చేతిలో మీ క్లయింట్ల పాన్, ఆధార్ కాపీలు ఉంటాయి. తప్పదనుకుంటే ఒక విషయం గుర్తుంచుకోండి: పాత ఎఫ్ఏటీ32 పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంటే 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు. పెద్ద బ్యాకప్ ఫైలు "ఎందుకో కాపీ అవ్వట్లేదు" అనేవాళ్లకు చాలాసార్లు కారణం అదే.

బయటి హార్డ్ డిస్క్

చిన్న ఆఫీసుకి పునాది ఇదే. ఒకసారి కొంటే నెలనెలా కట్టేది ఉండదు, నెట్ అక్కర్లేదు, పోయిన ఫైలు నిమిషాల్లో తిరిగొస్తుంది. విండోస్‌లోనే ఉన్న ఫైల్ హిస్టరీ ఆన్ చేస్తే, డిస్క్ తగిలించి ఉన్నంతసేపూ గంటకోసారి మారిన ఫైళ్లను తీసుకుంటుంది. మ్యాక్ వాళ్లకు టైమ్ మెషీన్ ఉంది.

ఇక్కడ నేను చాలా చోట్ల చూసిన పొరపాటు ఒకటుంది. బ్యాకప్ ఏయే ఫోల్డర్లు తీసుకుంటోందో ఎవరూ చూడరు. డాక్యుమెంట్స్, డెస్క్‌టాప్, ఫోటోలు వెళ్తుంటాయి. ట్యాలీప్రైమ్ డేటా మాత్రం మామూలుగా సీ డ్రైవ్‌లో యూజర్స్ కింద పబ్లిక్ ఫోల్డర్‌లో ఉంటుంది. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లు ఒక్కోటి ఒక్కోచోట దాచుకుంటాయి. మీ ప్రోగ్రామ్ డేటా ఎక్కడుందో సాఫ్ట్‌వేర్ పెట్టిన అబ్బాయిని అడిగి, ఆ దారి కాగితం మీద రాసి మానిటర్ వెనక అతికించండి.

ఎస్ఎస్‌డీ (లోపల తిరిగే పళ్లెం లేని డిస్క్) కొనాలా, మామూలు హార్డ్ డిస్కా అని కూడా అడుగుతారు. రోజూ తిప్పే కాపీకి ఎస్ఎస్‌డీ మంచిది, కిందపడినా తట్టుకుంటుంది. బీరువాలో ఏడాదులు ఉంచే కాపీకి మాత్రం నేను మామూలు హార్డ్ డిస్కే ఎంచుకుంటాను. కరెంట్ అందకుండా చాలాకాలం పడి ఉంటే ఎస్ఎస్‌డీలో దాచినది చెదిరే ప్రమాదం ఉంది.

ఒక డిస్క్ కొనేవాళ్లు చేతనైతే రెండు కొనండి. ఒకటి ఆఫీసులో, ఒకటి వేరే చోట, వారానికో నెలకో మార్చుకుంటూ ఉండండి. పైన పట్టికలో మనుషులు మరచిపోవడం తప్ప ఇంకే లోపం లేని వరస అదే.

గూగుల్ డ్రైవ్, వన్‌డ్రైవ్

గూగుల్ ఖాతాకు 15 జీబీ ఉచితం, వన్‌డ్రైవ్‌కి 5 జీబీ. గూగుల్ ఉచితంలో జీమెయిల్, ఫోటోలు కూడా అందులోవే కాబట్టి చాలామందికి అది ఎప్పుడో నిండిపోయి ఉంటుంది. 100 జీబీ ప్లాన్ నెలకు 130 రూపాయల దగ్గర ఉండేది, కట్టేముందు ఒకసారి చూసుకోండి. లెక్కలు, లెటర్లు, డిజైన్ ఫైళ్లు ఉన్న ఒంటరి ఆఫీసుకి ఇది బాగా సరిపోతుంది. ఇల్లు మునిగినా మీ ఫైళ్లు మునగవు.

కానీ సింక్ వేరు, బ్యాకప్ వేరు. సింక్ అంటే ఇక్కడి ఫోల్డర్‌నీ ఆన్‌లైన్ కాపీనీ ఎప్పుడూ ఒకేలా ఉంచడం. ఇక్కడ డిలీట్ చేస్తే అక్కడా డిలీట్ అవుతుంది. గూగుల్ డ్రైవ్ చెత్తబుట్టలో 30 రోజులు ఉంటుంది, ఆ తర్వాత లేదు. మామూలు ఫైళ్ల పాత వెర్షన్లు కూడా 30 రోజులో, 100 వెర్షన్లో దాటితే పోతాయి. ఏప్రిల్‌లో పొరపాటున చెరిపిన ఫైలు సంగతి సెప్టెంబర్‌లో ఆడిట్ అప్పుడు తెలిస్తే సింక్ ఏమీ చేయలేదు. మన పనిలో అలాంటివే ఎక్కువ జరుగుతాయి.

ఇంకో జాగ్రత్త నేను దెబ్బతిని నేర్చుకున్నది. ట్యాలీ డేటా ఫోల్డర్‌నే తీసుకెళ్లి సింక్ ఫోల్డర్‌లో పెట్టాను, దానంతట అదే పైకి పోతుంది కదా అని. ట్యాలీ ఆ ఫైళ్లలో రాస్తూ ఉండగానే సింక్ కూడా వాటిని పట్టుకుంటుంది. రెండు నెలలు బాగానే నడిచి, ఒక సాయంత్రం కంపెనీ తెరుచుకోలేదు. తప్పు నాదే. నడుస్తున్న డేటాను సింక్‌లో పెట్టకూడదు. ట్యాలీలో ఆల్ట్, వై నొక్కి బ్యాకప్ తీసి, దాన్ని ఆ రోజు తేదీ పేరు పెట్టిన ఫోల్డర్‌లో వేసి సింక్ ఫోల్డర్‌లో పెట్టాలి. ప్రతిరోజూ కొత్త పేరు కాబట్టి పాతదాని మీద కొత్తది ఎక్కదు, 30 రోజుల ఇబ్బంది కూడా తప్పుతుంది.

పూర్తి ఆన్‌లైన్ బ్యాకప్

బ్యాక్‌బ్లేజ్ లాంటి సర్వీసులు కంప్యూటర్‌లో ఉన్న మీ ఫైళ్లన్నిటినీ వెనక నుంచి నెమ్మదిగా పైకి పంపుతూ, పాత వెర్షన్లు ఎక్కువ కాలం ఉంచుతాయి. మరచిపోయే మనిషికి ఇంతకన్నా మంచిది లేదు. ఇబ్బందల్లా మొదటి అప్‌లోడ్‌కి రోజులు పట్టడం, చందా చాలావాటికి డాలర్లలో ఉండడం. బయటి డ్రైవ్‌లను ఎంతకాలం తగిలించకుండా ఉంటే ఆ కాపీని తీసేస్తారో షరతుల్లో చదువుకోండి.

ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అయితే ఇంకో లెక్క కూడా ఉంది. ఎలక్ట్రానిక్ లెక్కల పుస్తకాల బ్యాకప్ ప్రతిరోజూ, భారతదేశంలోనే ఉన్న సర్వర్‌లో ఉంచాలని 2022 ఆగస్టులో కంపెనీ నిబంధనలు మార్చారు. సర్వర్ ఎక్కడుందో అడగకుండా విదేశీ సర్వీసు తీసుకోవద్దు. మీ ఆడిటర్ గారితో ఒక్కమాట అనుకోండి.

నాస్ పెట్టె

ఆఫీసు నెట్‌వర్క్‌కి తగిలించే చిన్న పెట్టె, లోపల రెండు లేదా అంతకన్నా ఎక్కువ డిస్కులు. మూడు, నాలుగు కంప్యూటర్లు ఉంటేనే దీని గురించి ఆలోచించండి. అన్ని సిస్టమ్‌లూ రాత్రిపూట అందులోకే బ్యాకప్ అవుతాయి, ఒకటి చెడితే గంటల్లో ఇంకోదాని మీద పని మొదలుపెట్టొచ్చు. డబ్బు బాగానే అవుతుంది, యూపీఎస్ తప్పనిసరి, సెట్ చేసే మనిషి కావాలి.

దీన్ని అమ్మేవాళ్లు "రెండు డిస్కులున్నాయి, ఒకటి పోయినా ఒకటి ఉంటుంది, బ్యాకప్ అక్కర్లేదు" అంటారు. నమ్మొద్దు. ఒకదానిలో చెరిపితే రెండోదానిలోనూ అదే క్షణంలో చెరుగుతుంది, పెట్టె తడిస్తే రెండూ తడుస్తాయి. ఇంటి నుంచి చూసుకోవచ్చని దాన్ని ఇంటర్నెట్‌కి తెరిచి ఉంచొద్దు కూడా. 2022లో డెడ్‌బోల్ట్ అనే ర్యాన్సమ్‌వేర్ అలా తెరిచి ఉన్న నాస్ పెట్టెలనే వెతికి తాళాలు వేసింది.

ఎవరికి ఏది

*ఇంట్లో ఒక్కరే పనిచేసేవాళ్లు: లెక్కలు, డీటీపీ, అనువాదం, ట్యూషన్.* నేను చేసేదే చెబుతాను. రాత్రి ఎనిమిదికి ట్యాలీ బ్యాకప్ తీసి సింక్ ఫోల్డర్‌లో వేస్తాను. శనివారం హార్డ్ డిస్క్ తగిలించి మొత్తం కాపీ చేసి, పీకి బీరువాలో పెడతాను. రెండో డిస్క్ గుంటూరు బ్రాడీపేటలో మా అక్క వాళ్లింట్లో ఉంటుంది. నెలకోసారి వెళ్లినప్పుడు ఇక్కడిది అక్కడ పెట్టి, అక్కడిది తెచ్చుకుంటాను. రెండు డిస్కులూ విండోస్ వారి బిట్‌లాకర్‌తో తాళం వేసి ఉంటాయి. ఎవరి చేతిలో పడినా క్లయింట్ల వివరాలు కనపడకూడదు కదా. ఆ పాస్‌వర్డ్, రికవరీ కీ మాత్రం కంప్యూటర్‌లో కాకుండా కాగితం మీద, నగల డబ్బాలో.

*ఫోటో స్టూడియో.* గుంటూరు అరండల్‌పేటలో స్టూడియో నడిపే తమ్ముడొకరు నన్ను క్లౌడ్ (ఆన్‌లైన్‌లో దాచడం) గురించి అడిగారు. ఒక్కో పెళ్లికి వీడియోతో కలిపి 400, 500 జీబీలు వస్తాయట. సీజన్‌లో వారానికి మూడు పెళ్లిళ్లు. పైన వేసిన లెక్క చూపిస్తే ఆయనే వద్దన్నారు. వీళ్లకు హార్డ్ డిస్కులే దారి. ఒక కాపీ స్టూడియోలో, ఒక కాపీ ఇంట్లో. రెండూ తెరిచి చూసుకునే దాకా కెమెరా కార్డు ఫార్మాట్ చేయకూడదు. పూర్తయిన ఆల్బమ్, ఎంపిక చేసిన ఫోటోలు మాత్రం క్లౌడ్‌లో పెట్టుకోవచ్చు, అవి కొద్ది జీబీలే. మూడు కాపీలు, రెండు రకాల సాధనాల మీద, అందులో ఒకటి వేరే చోట అనే 3-2-1 సూత్రాన్ని ప్రచారంలోకి తెచ్చిన పీటర్ క్రోగ్ కూడా ఫోటోగ్రాఫరే. పెళ్లి మళ్లీ తీయలేరని వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది?

*మిర్చి యార్డు కమీషన్ కొట్టు.* సీజన్‌లో యార్డుకి రోజుకు లక్ష టిక్కీలు (మిర్చి బస్తాలు) దాటి వచ్చే రోజులుంటాయి. అప్పుడు రైతు తన సరుకు లెక్క రాసిన పట్టీ కోసం కౌంటర్ ముందు నిలబడి ఉంటాడు. ఇక్కడ డేటా కొంచెమే, సమయమే ఖరీదు. ఎంత మంచి క్లౌడ్ ఉన్నా కంప్యూటరే ఆగిపోతే ఆ రోజు గడవదు. అందుకని రెండో కంప్యూటర్, పాతదైనా సరే, అదే సాఫ్ట్‌వేర్‌తో సిద్ధంగా ఉంచి, మధ్యాహ్నం ఒకసారి, రాత్రి ఒకసారి డేటా అందులోకి వెళ్లేలా చూసుకోండి. లైసెన్సు రెండో సిస్టమ్‌లో ఎలా నడుస్తుందో ముందే కనుక్కోండి. రాత్రి కాపీ ఆన్‌లైన్‌కి కూడా వెళ్లాలి. మిర్చి దుమ్ముకి ఫ్యాన్లు పూడుకుపోయి సిస్టమ్‌లు వేడెక్కుతాయి కాబట్టి ఇక్కడ డిస్కులు చెడడం మామూలే అనుకుని ఏర్పాట్లు చేసుకోవాలి.

*క్లినిక్, ల్యాబ్, నలుగురైదుగురు పనిచేసే ఆఫీసు.* నాస్, దాని నుంచి రాత్రిపూట ఆన్‌లైన్ కాపీ. నాస్‌కి అంత పెట్టలేకపోతే ఒక కంప్యూటర్‌నే అందరి ఫైళ్లకూ ఇల్లుగా చేసి, దానికి పైన చెప్పిన రెండు డిస్కుల పద్ధతి పెట్టండి. పని ఎవరిదో పేరు పెట్టి అప్పగించాలి. "అందరూ చూసుకుంటారు" అన్న చోట ఎవరూ చూడరు.

ఎంతకాలం ఉంచాలి

జీఎస్టీ చట్టం ప్రకారం లెక్కలు, ఆ సంవత్సరపు వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు ఉంచాలి. 2024-25 సంవత్సరానికి గడువు 2025 డిసెంబర్ 31 అనుకుంటే, 2031 డిసెంబర్ 31 దాకా. కేసు నడుస్తుంటే ఇంకా ఎక్కువ. ఏటా మార్చి లెక్క మూసాక ఒక కాపీ తీసి, దాన్ని రోజువారీ బ్యాకప్‌లతో కలపకుండా పక్కన పెట్టండి. ట్యాలీవాల్ట్ పాస్‌వర్డ్ పెట్టినవాళ్లు అది కూడా ఆరేళ్లు గుర్తుండేలా రాసుకోండి, మరచిపోతే ఆ డేటా తెరవలేరు.

తడిసిన డిస్క్ చేతికొస్తే

ఇది ఎంపికకు సంబంధించినది కాకపోయినా ఈ ఊరివాళ్లకు చెప్పకుండా ఉండలేను. ఎండలో పెట్టొద్దు, బియ్యంలో పెట్టొద్దు, "ఒకసారి చూద్దాం" అని కరెంట్ ఇవ్వొద్దు. మట్టి ఆరి లోపలి పళ్లేలకు అంటుకున్నాక తిప్పితే, తీయగలిగింది కూడా తీయలేరు. ఉన్నదున్నట్టు కవర్‌లో మూసి డేటా రికవరీ చేసేవాళ్లకు ఇవ్వండి. ఖర్చు ఎక్కువే, వస్తుందన్న హామీ ఉండదు. డిస్ట్రిబ్యూటర్ గారిది నా దగ్గరకు వచ్చేసరికే ఆయన మేనల్లుడు రెండుసార్లు తగిలించి చూశాడు. మరి తెరుచుకోలేదు.

ఆయన ఇప్పుడు ఆఫీసుని మేడ మీదకు మార్చారు. రాత్రి కాపీ ఆన్‌లైన్‌కి వెళ్తుంది, ఒక డిస్క్ మా ఇంట్లో ఉంటుంది. ప్రతినెలా ఒకటో తారీఖున ఫోన్ చేస్తారు. నేను ఆయన బ్యాకప్‌ని నా ల్యాప్‌టాప్‌లో వేరే ఫోల్డర్‌లోకి రీస్టోర్ చేస్తాను. ఆయన తన సిస్టమ్ చూసి ఏదో ఒక షాపు పేరు చెబుతారు, నేను దాని బాకీ చదువుతాను. పైసలతో సహా కలిస్తే "సరేనమ్మా" అని పెట్టేస్తారు. మొన్న మార్చిలో ఒకసారి కలవలేదు. చూస్తే పది రోజులుగా బ్యాకప్ నిండిపోయిన ఖాతా దగ్గర ఆగి ఉంది. అరగంటలో సరిచేసుకున్నాం.